యుద్ధకాలంలో రోగాలపై నిఘా: లండను శివార్ల అనుభవం

1937వ సంవత్సరం శరదృతువులో లండను మహానగరానికి దక్షిణాన ఉన్న క్రాయిడన్ పట్టణంలో టైఫాయిడ్ జ్వరం తలయెత్తింది. ఈనాడు దక్షిణాసియా కుటుంబాలు అనేకం కాపురముంటున్న ఈ ప్రాంతం ఆనాడు సర్రే మండలానికి చెందిన సంపన్నమైన శివారు పట్టణం. లండను నగరపు ప్రధాన విమానాశ్రయం అప్పట్లో అక్కడే ఉండేది. తోటలతో కూడిన ఇళ్ళు, విశాలమైన వీథులు, ఇంటింటికీ కొళాయి నీరు, భూగర్భ మురుగు కాలువలు, ఏ లోటూ లేని ఊరు. అటువంటి ఊరిలో కొద్ది వారాల వ్యవధిలో మూడువందల మందికి పైగా జ్వరపడ్డారు. 43 మంది మరణించారు.

విచారణలో బయటపడిన సంగతి విస్మయకరమైనది. పట్టణానికి నీరందించే బావులలో ఒకటైన ఆడింగ్‌టన్ బావిలో ఆ సమయంలో మరమ్మతులు జరుగుతున్నాయి. పనివారు బావిలోకి దిగి పని చేస్తున్నారు. వారిలో ఒకడు మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడుగా ఉండగా టైఫాయిడ్ సోకి కోలుకున్నవాడు. చూడటానికి సంపూర్ణ ఆరోగ్యవంతుడు. కాని అతని దేహంలో ఆ బాక్టీరియా ఇరవై ఏళ్ళుగా నివాసం ఏర్పరచుకొని, మలంతో బాటు బయటికి వస్తూనే ఉంది. ఇటువంటివారిని వైద్యశాస్త్రం రోగవాహకులంటుంది. వాహకుడు బావిలో ఉన్న ఆ రోజులలోనే నీటిని వడగట్టడం, క్లోరిన్ కలపడం రెండూ ఆగిపోయి ఉన్నాయి. బావి నీరు మాత్రం ఇళ్ళకు వెళ్తూనే ఉంది.

ఇంతకంటె విచారకరమైన విషయం మరొకటి ఉంది. బావిలో పని జరుగుతున్న సంగతి పట్టణ ఆరోగ్యాధికారికి తెలియదు. జలశాఖ ఇంజనీర్లకు తెలుసు, వైద్యశాఖకు తెలియదు. రెండు శాఖలూ ఒకే పురపాలక సంఘానికి చెందినవే. జ్వరపు కేసులు ఒక బల్లమీద పోగుపడుతుంటే, ఆ కేసులకు కారణం మరొక బల్లమీద కాగితంగా పడి ఉంది. ఆ ప్రాంత పౌరులు సంఘంగా ఏర్పడి పట్టుబట్టిన మీదట బహిరంగ విచారణ జరిగింది. వ్యాధిగ్రస్తురాలైన ఒక బాలిక తండ్రి పురపాలక సంఘంపై దావా వేసి 1938లో గెలిచాడు. ఆంగ్ల న్యాయశాస్త్ర విద్యార్థులు ఆ తీర్పును ఈనాటికీ చదువుతున్నారు.

శాంతికాలంలో, ఒక బావిలో, ఒక మనిషివల్ల ఇంత జరిగితే, ఆకాశం నుంచి బాంబులు పడి మంచినీటి గొట్టాలు, మురుగు గొట్టాలు ఒకే గుంటలో పగిలి కలిసిపోతే ఏమవుతుంది? క్రాయిడన్ దుర్ఘటన జరిగిన రెండు సంవత్సరాలలోపే ఈ ప్రశ్నకు సమాధానం వెదకవలసిన అవసరం బ్రిటన్‌కు వచ్చింది.

యుద్ధానికీ టైఫాయిడ్‌కూ ఉన్న చుట్టరికం ఆ దేశానికి కొత్తది కాదు. 1899 నుంచి 1902 వరకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో మరణించిన సుమారు 22,000 మంది బ్రిటిష్ సైనికులలో పదమూడు వేలకు పైగా రోగాల వాత పడ్డవారే. వాటిలో అగ్రస్థానం టైఫాయిడ్‌ది. అయితే ఆ యుద్ధాలు సైనిక శిబిరాలలో జరిగినవి. రాబోయే యుద్ధం శివారు ఇళ్ళ వంటగదుల దాకా వస్తుందని 1930లలోనే పాలకులు గ్రహించారు.

దీనికి తోడు మరొక భయం. శత్రువు రోగక్రిములనే ఆయుధంగా ప్రయోగిస్తాడేమోనన్న భయం. లండను, పారిస్ నగరాల భూగర్భ రైలుమార్గాలలో జర్మన్ గూఢచారులు హానిలేని ఒక బాక్టీరియాను వెదజల్లి గాలి ప్రవాహాలను పరీక్షించారని విక్హమ్ స్టీడ్ అనే ప్రముఖ పత్రికా రచయిత 1934లో ఒక సంచలన వ్యాసం ప్రకటించాడు. ఆ ఆరోపణ ఎంత నిజమో అటుంచి, దాని ఫలితం మాత్రం నిజం. ప్రభుత్వం శాస్త్రజ్ఞులను సంప్రదించింది. 1936లో సర్ మారిస్ హాంకీ అధ్యక్షతన ఒక ఉపసంఘం ఏర్పడింది. శాస్త్రజ్ఞులు చెప్పిన మాట సారాంశం ఇది: క్రిమియుద్ధం వచ్చినా రాకపోయినా, సహజంగా వచ్చే అంటురోగాలను కనిపెట్టడానికి దేశమంతటా బాక్టీరియా పరీక్షాశాలలు కావాలి, కృత్రిమంగా వచ్చిన రోగాన్ని పట్టుకొనేదీ ఆ వలే. భయపడినది ఒకటి, ప్రయోజనం పొందినది మరొకటి. విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఇటువంటి తమాషాలు తక్కువేమీ కావు.

ఎలుకల ఊళ్ళు నేర్పిన పాఠం

ఈ పథకానికి ప్రాణం పోసినవాడు డబ్ల్యు. డబ్ల్యు. సి. టాప్లీ. లండనులోని ప్రజారోగ్య విద్యాసంస్థలో బాక్టీరియా శాస్త్రాచార్యుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, సెర్బియా దేశాన్ని టైఫస్ జ్వరం ఊడ్చిపెడుతున్నప్పుడు అక్కడ పనిచేసి, మహమ్మారి అంటే ఏమిటో కళ్ళారా చూసినవాడు. ఇంటికి తిరిగి వచ్చాక ఆయన చేపట్టిన పరిశోధన విచిత్రమైనది. చిట్టెలుకలతో పంజరాలలో చిన్నచిన్న ఊళ్ళు కట్టి, వాటిలో అంటురోగం ప్రవేశపెట్టి, అది ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, ఎలా అణగిపోతుంది అన్నది సంవత్సరాల తరబడి లెక్కగట్టాడు. గణాంక శాస్త్రజ్ఞుడు మేజర్ గ్రీన్‌వుడ్ ఆయనకు తోడు. ఇక్కడ మేజర్ అన్నది సైనిక హోదా కాదు, ఆయన పేరే అది.

ఆ ప్రయోగాలలో తేలిన ముఖ్యాంశం ఇది. రోగం చుట్టుముట్టిన ఎలుకల ఊరిలో కొన్ని చస్తాయి, కొన్ని బ్రతికి నిరోధకశక్తి సంపాదించుకుంటాయి. రోగం మెల్లగా చల్లారిపోతుంది. సరిగ్గా ఆ సమయంలో ఎన్నడూ ఆ రోగం ఎరుగని కొత్త ఎలుకలను కొన్నింటిని ఊరిలోకి పంపితే, ఆరిపోతున్న నిప్పుమీద ఎండుపుల్లలు వేసినట్లు రోగం మళ్ళీ రాజుకుంటుంది. 1923లో టాప్లీ, ఆయన సహచరుడు జి. ఎస్. విల్సన్ కలిసి ప్రకటించిన పత్రంలో వాడిన మాట ఒకటి 2020 తరువాత ప్రపంచమంతటా ఇంటింటి మాట అయింది. అదే హెర్డ్ ఇమ్యూనిటీ. తెలుగులో సామూహిక నిరోధకశక్తి అనవచ్చు.

1939 సెప్టెంబరు ఒకటవ తేదీ నుంచి మూడు నాలుగు రోజులలో లండను మొదలైన నగరాల నుంచి సుమారు పదిహేను లక్షలమందిని, ముఖ్యంగా బడిపిల్లలను, పల్లెలకూ చిన్న ఊళ్ళకూ తరలించారు. మెడలో పేరుచీటీ, చేతిలో చిన్న సంచి, భుజాన విషవాయువుల నుంచి కాపాడే ముఖకవచం. తల్లిదండ్రులకు అది కన్నీటి దృశ్యం. టాప్లీకి మాత్రం అది ఎలుకల ఊళ్ళను మానవ ప్రమాణంలో కలగాపులగం చేసినట్లే కనిపించి ఉండాలి. నగరపు పిల్లలకు అలవాటైన క్రిములు పల్లెపిల్లలకు కొత్తవి. పల్లెపిల్లల పాలలోని క్రిములు వీరికి కొత్తవి.

అదే నెలలో అత్యవసర ప్రజారోగ్య ప్రయోగశాలల సంస్థ పని ప్రారంభించింది. వైద్య పరిశోధనా మండలి దానిని నిర్వహించింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, కార్డిఫ్ వంటి పట్టణాలలోనూ, లండను చుట్టుపక్కలా ప్రయోగశాలలు వెలిశాయి. బాంబులు పడే నగరం నడిబొడ్డున కాక, శివార్లలోనూ దూరపు పట్టణాలలోనూ వాటిని నెలకొల్పడం బుద్ధిపూర్వకంగా చేసిన పని. టాప్లీ 1941లో వేరొక బాధ్యతకు వెళ్ళగా, విల్సన్ ఆ స్థానంలోకి వచ్చాడు. ఎలుకల ఊళ్ళ గురించి కలిసి వ్రాసిన ఇద్దరే ఒకరి తరువాత ఒకరు దేశపు రోగనిఘాకు అధిపతులయ్యారు.

నిఘా అనగానే రహస్యం స్ఫురిస్తుంది. ఇక్కడ రహస్యమేమీ లేదు. ఏ వీథిలో ఏ వైద్యుడికి డిఫ్తీరియా, టైఫాయిడ్, మశూచి వంటి రోగి కనిపించినా వెంటనే స్థానిక ఆరోగ్యాధికారికి వ్రాతపూర్వకంగా తెలియజేయాలన్న చట్టం ఆ దేశంలో 1889 నుంచే ఉంది. ఒక్కొక్క చీటీకి వైద్యుడికి రెండున్నర షిల్లింగులు రుసుము కూడా నిర్ణయించారు. డబ్బు ఇవ్వకపోతే చీటీ రాదని చట్టం వ్రాసినవారికి తెలుసు కాబోలు. 1939లో కొత్తగా వచ్చినదల్లా ఆ చీటీ వెనుక ఒక ప్రయోగశాల. వైద్యుడు అనుమానిస్తాడు, నమూనా తపాలాలో వెళ్తుంది, బాక్టీరియా పెరిగిందో లేదో, పెరిగితే ఏ జాతిదో జవాబు వస్తుంది. పరీక్షకు ఆరోగ్యాధికారి నుంచి గాని, వైద్యుడి నుంచి గాని పైకం వసూలు చేయలేదు. ఖర్చుకు వెనుకాడి పరీక్ష మానేసే స్థితి లేకుండా చేయడం ఈ పథకంలోని అతి తెలివైన అంశం అనిపిస్తుంది.

గుహలలో కాపురం

1940 సెప్టెంబరులో లండనుపై బాంబుల వర్షం మొదలైంది. క్రాయిడన్‌కు తూర్పున కెంట్ మండలపు అంచున చిసిల్‌హర్స్ట్ అనే శివారు ఉంది. అక్కడ సుద్దరాయి కోసం పూర్వం తవ్విన సొరంగాలు మైళ్ళ పొడవున ఉన్నాయి. వాటిలోకి జనం రాత్రివేళ తలదాచుకోవడానికి రాసాగారు. చివరికి ఆ సంఖ్య పదిహేను వేలకు చేరింది. భూమి క్రింద ఒక ఊరే వెలసింది. విద్యుద్దీపాలు, ప్రార్థనామందిరం, సినిమా, చిన్న ఆసుపత్రి అన్నీ అమరాయి.

ప్రజారోగ్య దృష్టితో చూస్తే ఆ ఊరు ఒక పీడకల. పదిహేను వేలమంది ఒకే గాలి పీల్చుకుంటూ, ప్రక్కప్రక్కన పడుకొని, పరిమితమైన మరుగుదొడ్లతో రాత్రులు గడపడం! లండను నగరంలో భూగర్భ రైలుస్టేషన్ల వేదికల మీద కూడా ఇదే పరిస్థితి. అక్కడ మరొక అనుకోని బాధ. భూగర్భంలో నిలిచిన నీటిలో పెరిగే ఒక జాతి క్యూలెక్స్ దోమ చలికాలంలో సైతం జనాన్ని కుట్టింది. దానికి లండను భూగర్భ దోమ అనే పేరు స్థిరపడిపోయింది. అదృష్టవశాత్తు అది రోగాలను మోసుకురాలేదు.

ప్రభుత్వం లార్డ్ హోర్డర్ అనే ప్రసిద్ధ వైద్యుని అధ్యక్షతన సంఘాన్ని నియమించి, ఆశ్రయాల ఆరోగ్య పరిస్థితిని విచారించింది. మెట్ల మంచాలు వేయడం, ప్రతి పెద్ద ఆశ్రయంలో నర్సును ఉంచడం, దగ్గుతున్నవారిని, జ్వరం ఉన్నవారిని వేరుచేయడం మొదలైన ఏర్పాట్లు క్రమంగా జరిగాయి. రోగి వైద్యుడి వద్దకు వచ్చేవరకు ఆగక, నర్సు రోగి పడుకునే చోటికే వెళ్ళి చూడటం ఇందులో కొత్త.

భయపడినవన్నీ రాలేదు. వచ్చినవి కొన్ని భయపడనివి. యుద్ధపు తొలి చలికాలం ముగిసేసరికి మెదడు పొరల వాపు వ్యాధి, మెనింజైటిస్, విజృంభించింది. 1940లో ఇంగ్లండు, వేల్సులలో పన్నెండు వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. అంతకుముందు ఆ దేశంలో అన్ని కేసులు ఎన్నడూ లేవు. పూర్వమైతే ఆ రోగం వచ్చినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. లండను తూర్పు శివారైన డాగెన్‌హామ్‌లోని మే అండ్ బేకర్ సంస్థ 1938లో విడుదల చేసిన సల్ఫాపిరిడిన్ అనే మందు ఈసారి చేతిలో ఉంది. నమూనా త్వరగా ప్రయోగశాలకు చేరితే, మందు త్వరగా రోగికి చేరింది. మరణాల నిష్పత్తి గణనీయంగా పడిపోయింది. క్షయ మరణాలు మాత్రం యుద్ధం మొదటి రెండేళ్ళలో పెరిగాయి; ఊపిరితిత్తుల ఫోటోలు మూకుమ్మడిగా తీసే పద్ధతి 1943లో గాని ఆరంభం కాలేదు.

గజ్జి సంగతి వేరు. ప్రాణం తీయదు గనుక ఎవరూ దానిని మహమ్మారిగా ఎంచరు. కాని సైనికుడికి నిద్ర పట్టనీయదు, కార్మికురాలిని పని చేయనీయదు. దుప్పట్ల ద్వారా గజ్జి వ్యాపిస్తుందని అందరూ నమ్మేవారు. లక్షల దుప్పట్లను ఆవిరి పట్టే పని జరుగుతోంది. కీటకశాస్త్రజ్ఞుడు కెన్నెత్ మెలన్‌బీ ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. షెఫీల్డ్ నగర శివారు ఫుల్‌వుడ్‌లో ఒక పెద్ద ఇల్లు తీసుకొని, యుద్ధం చేయడానికి మనస్సాక్షి ఒప్పుకోక సైన్యంలో చేరని యువకులను స్వచ్ఛందంగా రప్పించాడు. గజ్జి పట్టిన సైనికులు విడిచిన బట్టలు, దుప్పట్లు, ఉతకకుండా, వారు నెలల తరబడి వాడారు. దాదాపు ఎవరికీ అంటలేదు. రోగితో ఒకే పక్కలో పడుకున్నప్పుడే అంటుకుంది. దుప్పట్లకు ఆవిరి పట్టడం చాలవరకు వృథా అని, రోగితో బాటు ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు రాయాలని తేలింది. తుపాకి పట్టనన్నవారు దేశానికి చేసిన సేవ ఇది. వారిని పిరికిపందలని ఆనాడు నిందించినవారు లేకపోలేదు.

డిఫ్తీరియా విషయంలో బ్రిటన్ గర్వించవలసినదీ, సిగ్గుపడవలసినదీ రెండూ ఉన్నాయి. మన పాఠ్యపుస్తకాలు కంఠసర్పి అని పిలిచే ఈ రోగానికి టీకా 1920లనాటికే సిద్ధం. కెనడాలోనూ, న్యూయార్కులోనూ పిల్లలకు విరివిగా వేశారు. బ్రిటన్ మాత్రం తాత్సారం చేసింది. 1940లో ఆ దేశంలో 61,000కు పైగా కేసులు, 3,283 మరణాలు నమోదయ్యాయి. చనిపోయినవారిలో అధికులు పసిపిల్లలు. ఆశ్రయాలలో ఈ రోగం చెలరేగుతుందన్న భయమే చివరికి ప్రభుత్వాన్ని కదిలించింది. ఆ ఏడాది చివర ఉచిత టీకా ఉద్యమం ఆరంభమైంది. 1957 నాటికి సంవత్సరంలో కేసులు 38, మరణాలు 6. బాంబుల భయం లేకపోతే ఇంకెన్నాళ్ళు ఆగేవారో!

బాక్టీరియా వేలిముద్రలు

ఒక ఊరిలో పదిమందికి టైఫాయిడ్ వచ్చిందనుకుందాం. వారందరికీ ఒకే వాహకుడి నుంచి వచ్చిందా, లేక వేర్వేరు చోట్ల నుంచి వచ్చి ఒకేచోట కనబడుతోందా? జనం ఇల్లూ వాకిలీ విడిచి దేశం నలుమూలలకూ చెదిరిపోయిన యుద్ధకాలంలో ఈ ప్రశ్న మరీ జటిలం. సూక్ష్మదర్శినిలో టైఫాయిడ్ బాక్టీరియాలన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి.

దీనికి పరిష్కారం చూపినది బాక్టీరియోఫాజ్, అంటే బాక్టీరియాను భక్షించే వైరస్. 1938లో కెనడాలోని టొరంటోలో క్రేగీ, యెన్ అనే శాస్త్రజ్ఞులు ఒక సంగతి గమనించారు. టైఫాయిడ్ బాక్టీరియాలలోని ఉపజాతులను ఈ భక్షకులు వేరువేరుగా గుర్తుపడతాయి. ఒక ఉపజాతిని చంపే భక్షకి మరొకదానిని ముట్టదు. బాక్టీరియా పెరిగిన పళ్ళెం మీద ఒక్కొక్క భక్షకి చుక్క వేసి, ఏ చుక్క క్రింద బాక్టీరియా మాయమైందో చూస్తే ఉపజాతి తెలుస్తుంది. నేరస్థలంలోని వేలిముద్రలను అనుమానితుల వేలిముద్రలతో పోల్చినట్లే ఇదీను.

బ్రిటన్‌లో ఈ విద్యను పెంపొందించినవాడు ఆర్థర్ ఫెలిక్స్. ఆయన జీవితమే రెండు యుద్ధాల కథ. పోలండు ప్రాంతంలో యూదు కుటుంబంలో పుట్టి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా పక్షాన పనిచేస్తూ, ఎడ్మండ్ వైల్‌తో కలిసి టైఫస్ జ్వరాన్ని రక్తపరీక్షతో గుర్తించే పద్ధతి కనిపెట్టాడు. వైల్-ఫెలిక్స్ పరీక్ష పేరు మన వైద్య విద్యార్థులకు సుపరిచితమే. రెండవ యుద్ధంనాటికి ఆయన బ్రిటన్‌లో ఉన్నాడు. టైఫాయిడ్ బాక్టీరియా పైపొరలోని వి-ఐ అనే పదార్థాన్ని మార్గరెట్ పిట్‌తో కలిసి 1934లో గుర్తించినవాడూ ఆయనే. భక్షకులు పట్టుకొనేది ఆ పదార్థాన్నే. ఒక యుద్ధంలో ఒక పక్షానికి, మరొక యుద్ధంలో ఎదుటి పక్షానికి చేసిన సేవ అది. బాక్టీరియాకు పక్షాలు లేవు గనుక ఆ విద్య రెండుచోట్లా పనికివచ్చింది.

ఈ సంస్థలో చేరిన మరొకరు ఫ్రెడ్ గ్రిఫిత్. మితభాషి, ప్రచారానికి దూరంగా ఉండే మనిషి. గొంతునొప్పి, ఎర్రజ్వరం కలిగించే స్ట్రెప్టోకాకస్‌లలోని రకాలను వర్గీకరించడం ఆయన చేపట్టిన పని. 1941 ఏప్రిల్‌లో జరిగిన వైమానిక దాడిలో ఆయన, ఆయన చిరకాల సహచరుడు విలియం స్కాట్ ఇద్దరూ మరణించారు. చచ్చిన న్యుమోనియా బాక్టీరియాలోని ఏదో పదార్థం బ్రతికున్న బాక్టీరియా స్వభావాన్ని శాశ్వతంగా మార్చగలదని 1928లో ప్రకటించినవాడు ఈ గ్రిఫిత్. ఆ పదార్థం డీఎన్ఏ అని 1944లో న్యూయార్కులో ఏవరీ బృందం నిరూపించింది. అది చూడటానికి గ్రిఫిత్ లేడు.

గుడ్డుపొడితో వచ్చిన అతిథులు

యుద్ధంలో గుడ్లు కరవయ్యాయి. అమెరికా నుంచి ఓడలలో గుడ్డుపొడి వచ్చింది. ఒక డబ్బా పన్నెండు గుడ్లకు సమానం. నీళ్ళు కలిపి అట్టు వేసుకోవచ్చు. గృహిణులు దాని రుచిని తిట్టుకుంటూనే వాడారు. కొంతకాలానికి ప్రయోగశాలలలో ఒక వింత కనిపించింది. వాంతులు, విరేచనాలతో వచ్చిన రోగుల నమూనాలలో బ్రిటన్‌లో మునుపు ఎన్నడూ చూడని, లేదా అరుదుగా చూసిన సాల్మొనెల్లా రకాలు కనబడసాగాయి. గుడ్డుపొడిని పరీక్షించగా అవే రకాలు అందులో దొరికాయి. సముద్రం దాటి వచ్చిన ఆహారంతో బాటు సముద్రం దాటి వచ్చిన క్రిములన్నమాట. నీళ్ళు కలిపిన పొడిని నిలవ ఉంచవద్దని, వెంటనే వండాలని గృహిణులకు బోధించారు. ఈ పరిశోధన ఫలితాలు 1947లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. దేశమంతటా ఒకే విధంగా పరీక్షించే ప్రయోగశాలలు లేకపోయి ఉంటే, ప్రతి ఊరూ తన ఊరి విరేచనాలను తన ఊరి వంటవాడి తప్పుగానే భావించి ఊరుకునేది.

ఇంతకూ పగిలిన గొట్టాల నుంచి పుడుతుందనుకున్న టైఫాయిడ్ మహమ్మారి రాలేదు. ఘనత అంతా ప్రయోగశాలలకు కట్టబెట్టడం న్యాయం కాదు. క్రాయిడన్ గుణపాఠంతో నీటిలో క్లోరిన్ కలపడం కట్టుదిట్టమైంది. బాంబు పడిన ప్రతిచోటా గొట్టం అతికించిన తరువాత శుద్ధి చేసి గాని నీరు వదలలేదు. రేషను పద్ధతి వల్ల పేదలకు కూడా పాలు, పౌష్టికాహారం అందాయి. కొంత అదృష్టమూ ఉంది. కాని ఏమీ జరగడం లేదని రూఢిగా చెప్పగలగడం కూడా ఒక శక్తి. అది నిఘా ఉన్నవాడికే సాధ్యం. అత్యవసరమని తాత్కాలికంగా పెట్టిన సంస్థను 1946 చట్టంతో శాశ్వతం చేశారు. దాని కేంద్ర ప్రయోగశాల వాయవ్య లండను శివారైన కోలిండేల్‌లో నెలకొన్నది. పేర్లు పలుమార్లు మారి, 2021 నుంచి అది యునైటెడ్ కింగ్‌డమ్ ఆరోగ్య భద్రతా సంస్థలో భాగంగా పనిచేస్తోంది.

మురుగు చెప్పే సాక్ష్యం

యుద్ధం ముగిసిన వెంటనే ఈ సంస్థకు చెందిన బ్రెండన్ మూర్ అనే శాస్త్రజ్ఞుడు ఇంగ్లండు నైరుతిన డెవన్ మండలంలో పారాటైఫాయిడ్ వాహకులను వెదుకుతున్నాడు. ఊరందరినీ పరీక్షించడం అయ్యే పని కాదు. ఆయన ఒక పలుచని నూలుగుడ్డను మడతలుగా చుట్టి, దారం కట్టి, మురుగు కాలువలో వ్రేలాడదీశాడు. ఒకటి రెండు రోజుల తరువాత దానిని తీసి పరీక్షించాడు. బాక్టీరియా కనబడితే కాలువ వెంట పైకి వెళ్ళి, కాలువ రెండుగా చీలే చోట ఒక్కొక్క పాయలో ఒక్కొక్క గుడ్డ. ఏ పాయలో కనబడితే ఆ పాయ వెంట మరికొంత పైకి. ఆ విధంగా వీథికి, వీథి నుంచి ఇంటికి చేరుకున్నాడు. 1948లో ఆయన ప్రకటించిన ఈ పద్ధతికి మూర్ స్వాబ్ అని పేరు. దారం ముక్క, గుడ్డ ముక్క. ఇంతకంటె చౌక అయిన శాస్త్ర పరికరం అరుదు.

మన హైదరాబాదుకు ఈ కథతో సంబంధం ఇక్కడే. 2016లో అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టి రూపాంతరం చెందిన రెండవ రకం పోలియో వైరస్ కనబడింది. ఒక్క బిడ్డకైనా పక్షవాతం రాలేదు. అయినా జూన్ నెలలో వారం రోజులలోపు హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో మూడు లక్షలమందికి పైగా పిల్లలకు చర్మంలోకి సూదిమందు వేశారు. మళ్ళీ 2020లో కోవిడ్ రోజులలో అక్కడి సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రజ్ఞులు నగరపు మురుగుశుద్ధి కేంద్రాల నీటిని పరీక్షించి, సుమారు 6.6 లక్షలమందికి వ్యాధి సోకి ఉండవచ్చునని ఆ ఆగస్టులో అంచనా కట్టారు. ఆసుపత్రుల లెక్కలలో అప్పటికి కనబడిన సంఖ్య అందులో చిన్న భాగం.

2022లో అదే రెండవ రకం పోలియో వైరస్ లండనులో కనబడింది. దాదాపు నలభై లక్షలమంది మురుగు చేరే బెక్టన్ శుద్ధికేంద్రంలో ఫిబ్రవరి నుంచి తీసిన నమూనాలలో అది పదేపదే దొరికింది. అధికారులు మూర్ చేసినట్లే కాలువల వెంట పైకి వెళ్ళి పేటలవారీగా పరీక్షించారు. వైరస్ దొరికిన పేటలలో బార్నెట్ ఒకటి. కోలిండేల్ ఉన్నది ఆ పేటలోనే. ఆ ఆగస్టులో ఒకటి నుంచి తొమ్మిది ఏళ్ళ లండను పిల్లలందరికీ అదనపు టీకా ఇవ్వాలని నిర్ణయించారు.

లండనులో అప్పుడు యుద్ధం లేదు. గాజాలో ఉంది. 2024 జూన్ 23వ తేదీన ఖాన్ యూనిస్, దేర్ అల్ బలాహ్ ప్రాంతాలలో సేకరించిన మురుగునీటిలో పోలియో వైరస్ ఉన్నట్లు జూలైలో వెల్లడైంది. పైపులు పగిలి, శుద్ధికేంద్రాలు మూతపడి, గుడారాల నడుమ మురుగు పారుతున్న కాలం అది. పది నెలల పసివాడికి పక్షవాతం వచ్చింది. ఆగస్టులో అమ్మాన్‌లోని ప్రయోగశాల అది పోలియోయేనని ధ్రువపరచింది. ఇరవై అయిదు సంవత్సరాలలో అక్కడ అది మొదటి కేసు. యుద్ధం మొదలవడానికి కొద్దిగా ముందు పుట్టిన ఆ బిడ్డకు టీకా అందలేదు.

సెప్టెంబరులో ప్రాంతాలవారీగా రోజుకు కొన్ని గంటలు కాల్పులు ఆపడానికి ఇరుపక్షాలూ అంగీకరించాయి. ఆ విరామాలలో ఆరోగ్య కార్యకర్తలు పదేళ్ళలోపు పిల్లలు అయిదున్నర లక్షలమందికి పైగా నోటిలో రెండేసి చుక్కలు వేశారు. అక్టోబరులో రెండవ విడత జరిగింది. ఉత్తర భాగంలో పోరాటం వల్ల అది ఆలస్యమై నవంబరు దాకా సాగింది. అక్కడ కొందరు పిల్లలను చేరలేకపోయారు. ఆ తరువాత తీసిన మురుగు నమూనాలలో వైరస్ ఇంకా కనబడింది. అందువల్ల 2025 ఫిబ్రవరిలో మూడవ విడత జరిపి సుమారు ఆరు లక్షలమంది పిల్లలకు చుక్కలు వేశారు.